పెద్దకూరకి ఇంగ్లీషు పేరు

మేము బర్గర్ తింటాం. ముందే చెప్పేస్తున్నాం, తర్వాత అనుమానాలు వద్దు. టోలీచౌకీలో తింటాం, మెహదీపట్నంలో తింటాం, జేబు కాస్త బరువుగా ఉన్న రోజు జూబ్లీహిల్స్ దాకా వెళ్ళి తింటాం. ఇంట్లో చేసుకుని ఇంకా ఎక్కువ తింటాం. కాబట్టి ఇది అమెరికావాడి తిండి మీద మేం ప్రకటించిన జిహాదేమీ కాదు, ఎవరూ కంగారు పడనక్కర్లేదు. బర్గర్‌తో మాకు పేచీ లేదు. ఆ బన్ను మధ్యలో ఉన్న మాంసానికి అక్కడ దొరుకుతున్న మర్యాద, అదే మాంసం మా పళ్ళెంలో ఉన్నప్పుడు ఎందుకు దొరకదు? మా పేచీ అక్కడ.

బంజారాహిల్స్‌లోనో, జూబ్లీహిల్స్‌లోనో ఓ మోస్తరు ఖరీదైన హోటల్లో కూచుని మెనూ తెరవండి. 'టెండర్‌లాయిన్ బర్గర్' అని కనిపిస్తుంది. కొన్నిచోట్ల 'బఫ్' అని ఉంటుంది. ఇంకొన్నిచోట్ల ఉత్తి 'స్టేక్' అని ఉంటుంది. దాని కింద సన్న అక్షరాల్లో వేయించిన ఉల్లిపాయలనీ, పొగబెట్టిన చీజ్ అనీ నాలుగు వరసలు రాస్తారు. ఉల్లిపాయ ఏ రకమో చెప్తారు, చీజ్ ఏ దేశానిదో చెప్తారు, బన్ను మీద చల్లిన నువ్వుల సంగతి కూడా చెప్తారు. ఆ మాంసం ఏ జంతువుదో మాత్రం తెలుగులో చెప్పరు. దున్నపోతు అని రాసిన మెనూ మాకింతవరకు కనబడలేదు. బర్రె అని రాసిందీ లేదు. పెద్దకూర అని రాసింది అసలే లేదు.

ఎందుకంటే ఆ మాటలు వాడలోవి. తెలంగాణ పల్లెల్లో మాల మాదిగ వాడల్లో అది పెద్దకూర. కోస్తాలో పెద్దమాంసం. పాతబస్తీలో బడే కా గోష్త్. మేకనో పొట్టేలునో కోస్తే ఛోటే కా. పెద్ద జంతువు, చిన్న జంతువు, అంతే తేడా, మా భాషలో అందులో సిగ్గుపడే సంగతి ఏదీ లేదు. కానీ ఈ మాటల్ని కొండ మీది హోటళ్ళకి ఎక్కనివ్వరు. మాంసం ఎక్కొచ్చు, పేరు ఎక్కకూడదు. మాంసాన్ని కోసిన ఖురేషీ వెనక గుమ్మం దగ్గర దించేసి వెళ్ళిపోవాలి. దాన్ని పెనం మీద తిప్పే కుర్రాడు వంటింటి తలుపు అవతల ఉండాలి. ఇంగ్లీషు పేరు తగిలించుకున్న ముక్క ఒక్కటే హాల్లోకి నడిచి రావాలి.

పేరు మార్చి బతకడం మాకూ కొత్తకాదు. హైదరాబాదులో 'కల్యాణీ బిర్యానీ' అని బోర్డు ఉంటే లోపల ఏముంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. బీదర్ దగ్గర కల్యాణి నవాబుల ఇళ్ళల్లో పుట్టి వాళ్ళతోపాటు నగరానికి వచ్చిందని చెప్పుకునే బిర్యానీ అది. పెద్దకూర ముక్కలు, టమాటా, కొత్తిమీర. రిక్షా లాగినవాడూ, సున్నం వేసినవాడూ కడుపునిండా తిన్న బిర్యానీ. నవాబుల పేరు ముందు పెట్టుకుంటే తప్ప అదికూడా బోర్డెక్కలేదు. కాకపోతే ఒక తేడా ఉంది. కల్యాణీ అని చదివి ఎవరూ మోసపోరు, తినేవాడికి తెలుసు, తిననివాడికి తెలుసు. టెండర్‌లాయిన్ అనే మాట తింటున్నవాడికి తన పళ్ళెం తనకే తెలియకుండా చేస్తుంది. లేదా తెలిసీ తెలియనట్టు ఉండే సౌకర్యం ఇస్తుంది. ఆ సౌకర్యానికే ఆ ధర.

బర్గర్ చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ పేర్ల ఆట ఎక్కడో విన్నట్టు అనిపించాలి. హాంబర్గర్ అనే మాటలో ఉన్నది హాంబర్గ్, జర్మనీలో ఓ రేవు పట్టణం. ఆ పేరుతో పిలిచిన కైమా వంటకం పందొమ్మిదో శతాబ్దంలో వలసజనంతో పాటు అమెరికా చేరింది. రెండు రొట్టెముక్కల మధ్య దాన్ని మొదట పెట్టింది ఎవరన్న దాని మీద అక్కడ నాలుగైదు ఊళ్ళు ఇప్పటికీ కొట్లాడుకుంటాయి. 1921లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో వైట్ కాసిల్ దుకాణం మొదలయ్యాక అది బజారు తిండి అయింది. ఈ రెంటికీ మధ్య జరిగిన ఒక ముచ్చట మాకు ముఖ్యం. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా జర్మనీ మీదికి దిగగానే అక్కడి జర్మన్ జనమంతా అనుమానితులయ్యారు. వాళ్ళ భాష అనుమానం, వాళ్ళ బడులు అనుమానం, చివరికి వాళ్ళ తిండి అనుమానం. దేశభక్తులు హాంబర్గర్‌ని 'లిబర్టీ స్టేక్' అన్నారు. జర్మన్ల పులిసిన క్యాబేజీని 'లిబర్టీ క్యాబేజీ' అన్నారు. తినడం మాత్రం మానలేదు. పెట్టినవాడి పేరు చెరిపేసి పెట్టింది మింగారు, అంతే.

అక్కడ ఆ పిచ్చి యుద్ధంతో తగ్గిపోయింది, పాత పేరు తిరిగొచ్చింది. మా మీద మొదలైన యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఎవరైనా చెప్పండి.

1996లో ఢిల్లీ వసంత్ విహార్‌లో మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణం తెరిచింది. ప్రపంచం మొత్తంలో గొడ్డుమాంసం లేని మొట్టమొదటి మెక్‌డొనాల్డ్స్ అదే. దాని ప్రసిద్ధ బర్గర్‌కి ఇక్కడ పేరు మార్చి మహారాజా మాక్ అన్నారు. మొదట్లో అందులో మటన్ పెట్టారు, తర్వాత కోడి వచ్చింది. అమెరికా కంపెనీ ఈ దేశంలో అడుగుపెట్టే ముందు ఎవరి మనసు నొచ్చుకుంటుందో లెక్కలేసుకుని వచ్చింది. వ్యాపారం, వేసుకోనీ. ఆ లెక్కలో ఈ దేశంలో పెద్దకూర తినే కోట్లాది దళితులు లేరు, క్రైస్తవులు లేరు, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు లేరు, మేము లేము. 'భారతీయుల అభిరుచి' అని మీరు అంటున్నప్పుడల్లా మేము ఆ మాటలోంచి బయటికి నెట్టబడుతూనే ఉన్నాం. రిజిస్ట్రార్ జనరల్ 2014 సర్వేలో తెలంగాణలో మాంసాహారులు నూటికి 98 మందికి పైగా తేలారు. దేశంలో అందరికంటే ఎక్కువ. అయినా టీవీ వంటల కార్యక్రమంలో, పెళ్ళి భోజనాల ఫొటోలో, పాఠ్యపుస్తకంలో తెలుగువాడి తిండి అంటే పప్పు, ఆవకాయ, నెయ్యి. తెలుగువాళ్ళలో ఏ తెలుగువాళ్ళు?

సరే, వంట సంగతికి వద్దాం, అక్కడ మాకు చెప్పడానికి చాలా ఉంది.

కైమా మాకు పుట్టుకతో తెలుసు. పొద్దున్నే ఇరానీ హోటల్లో రోటీతో తినే కైమా. పెళ్ళిలో చతురస్రంగా మడిచి వేయించిన లుఖ్మీలో దూర్చిన కైమా. పిండి మధ్యలో మాంసం పెట్టుకుని చేత్తో పట్టుకు తినడం బర్గర్ వచ్చి మాకు నేర్పలేదు. కానీ బర్గర్ కైమా వేరు, అది మేమూ నేర్చుకోవాల్సి వచ్చింది. షికంపూర్ కబాబ్‌కి కైమాని శనగపప్పుతో, గరంమసాలాతో నీళ్ళు ఇగిరిపోయేదాకా ఉడికించి, రాతి మీద వెన్నలా నూరి, మధ్యలో గట్టి పెరుగూ పుదీనా ఉల్లిపాయా పెట్టి మూసి వేయిస్తాం. సీక్ కబాబ్‌కి పచ్చి కైమాని ఉప్పూ, పచ్చిబొప్పాయీ వేసి చేతికి జిగురు తగిలేదాకా పిసుకుతాం. బర్గర్‌కి ఇవేవీ పనికిరావు. మాంసాన్ని చల్లగా ఉంచి ఒకేఒక్కసారి మొరుంగా ఆడించాలి. పిసకకూడదు. ఉప్పు లోపల కలపకూడదు, కలిపితే మాంసంలో మాంసకృత్తులు కరిగి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద రబ్బరులా బిగుసుకుంటుంది. పెనం మీద వేసే క్షణంలో పైన మాత్రమే చల్లాలి. మా పిల్లలు ఈ ముక్క చెప్పినప్పుడు మా ఇళ్ళల్లో నానీలు, దాదీలు కళ్ళు పెద్దవి చేశారు. ఉప్పూకారం లేని కైమా పథ్యానికా అన్నారు. తిన్నాక ఒప్పుకున్నారు. అయినా పుదీనా చట్నీ లేకుండా ఒప్పుకోలేదు, అదీ న్యాయమే.

కొవ్వు సంగతి ఇంకా పెద్దది. మంచి బర్గర్‌కి నూటికి ఇరవై పాళ్ళు కొవ్వు ఉండాలంటారు. మన బర్రె మాంసం బిగువైనది, కండలోపల కొవ్వు తక్కువ. బర్రె కొవ్వు తెల్లగా ఉంటుంది, ఆవు కొవ్వులో పసుపు ఛాయ ఉంటుంది, ఎందుకంటే గడ్డిలోని పసుపు పదార్థాన్ని బర్రె తన ఒంట్లోనే విటమిన్‌గా మార్చేసుకుంటుంది. ఖురేషీ దుకాణంలో పదేళ్ళ పిల్లాడు కూడా దూరం నుంచి చూసి ఇది ఏదో చెప్పేస్తాడు. అందుకని మేము మెడదో, భుజందో, ఛాతీదో మాంసం అడిగి, గుర్దా చుట్టూ ఉండే కొవ్వు కొంచెం విడిగా వేయించుకుని ఆడించుకుంటాం. మీరు మెనూలో చూసి మురిసిపోయే టెండర్‌లాయిన్ ఉంది చూశారూ, కసాయిలు 'అండర్‌కట్' అనేది, అది జంతువు ఒంట్లో అతి తక్కువ పనిచేసే కండ. మెత్తన, నిజమే. కానీ కొవ్వు లేని ముక్క. దాన్ని కైమా కొట్టి బర్గర్ చెయ్యడమంటే పట్టుచీర చించి పెనం తుడవడం లాంటిది. ఖరీదైన పేరు కోసం చేస్తారు. రుచి కోసమైతే మెడ మాంసం అడిగేవాళ్ళు. మెడ మాంసం అన్న మాట మెనూలో బాగుండదు కదా!

కాల్చడం గురించి ఒక మాట. పెద్ద హోటల్లో లోపల గులాబీరంగుగా ఉంచమంటారా అని అడుగుతారు. బాగా కాల్చమంటే మన వైపు చూసే చూపులో జాలి ఉంటుంది, వీళ్ళకి తినడం రాదు పాపం అన్నట్టు. అమెరికా వ్యవసాయ శాఖే ఏం చెప్తుందంటే, గొడ్డుమాంసం కైమా లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా కాలాలి. ముక్కకైతే సూక్ష్మజీవులు పైనే ఉంటాయి, కైమాకి పైనున్నది లోపలికి కలిసిపోతుంది. మా వాళ్ళు ఏ శాఖనీ అడక్కుండానే పచ్చిగా ఉన్న కైమా తినరు. ఇందులో నాగరికత ఎవరిదో తేల్చుకోండి.

ఇనప పెనం పొగలొచ్చేదాకా కాగనిచ్చి, ఉండని వేసి గరిటెతో అదిమితే అంచులు జాలీలా కరకరలాడతాయి. బేకరీ బన్నుని అదే కొవ్వులో ఎర్రగా కాల్చుకోవాలి. అంతే వంట. ఈ మాత్రం దానికి మేము కొండెక్కనక్కర్లేదు. అయినా ఎక్కుతాం, ఎందుకంటే మాకూ చల్లటి గదిలో కూచుని ఎవరో వడ్డిస్తే తినాలని ఉంటుంది. మా ఆడపిల్లలకి నలుగురు స్నేహితులతో కలిసి బయట తినాలని ఉంటుంది. ముస్లిం అనగానే రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గర హలీం గిన్నెతో ఫొటో దిగే మనిషి అనుకుంటారు. మాకు మిగతా పదకొండు నెలలు కూడా ఉన్నాయి.

ఇక్కడ మా లౌకిక మిత్రులతో మాట్లాడాలి.

మిత్రులారా, మీరు మంచివాళ్ళు. మతం లేదంటారు. ఈద్‌కి ఫోన్ చేసి బిర్యానీ ఏదీ అంటారు. పాతికేళ్ళ స్నేహంలో మా ఇంటికి మీరు వచ్చింది బిర్యానీకీ, షీర్‌ఖుర్మాకీ. వచ్చి గిన్నె మూత తీశాక గొంతు తగ్గించి, 'చిన్నదేనా?' అంటారు. ఆ ప్రశ్న అడిగే ముందు మీ ముఖంలో వచ్చే చిన్న ఇబ్బంది ఉంటుంది చూడండి, దాన్ని మేము చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం, మాకు ఏ భాషకంటే బాగా వచ్చిన భాష అది. తినకపోతే తినకండి. మీ నోరు మీ ఇష్టం. కానీ మరుసటి వారం మీరే ఇంగ్లీషు హోటల్లో టెండర్‌లాయిన్ బర్గర్ తింటూ, ఆహార స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఇస్తారు. అక్కడ అది మీ ధిక్కారం. మా ఇంట్లో అది మా వెనకబాటుతనం. మనం చేస్తే సంసారం, పక్కవాడు చేస్తే ఇంకోటి, అన్న సామెత మన భాషలో ఊరికే పుట్టలేదు.

ఆ బర్గర్ బిల్లుతో పాతబస్తీలో బొగ్గుల మీద కాల్చే సీక్ కబాబులు ఓ కుటుంబం తినొచ్చు. అదే జంతువు, ఒక్కోసారి అదే కసాయి. అక్కడికి మీరు రారు. దుమ్ము అంటారు, ఈగలంటారు, వాసనంటారు. ఆ వాసనే కదా మాకు అద్దె ఇల్లు దొరక్కుండా చేస్తున్నది! పేరు చెప్పగానే 'మాంసం వండేవాళ్ళకి ఇవ్వమండీ' అంటారు ఇంటివాళ్ళు. ఆ ఇంటివాళ్ళ అబ్బాయే రాత్రి పదకొండింటికి ఫోన్‌లో బర్గర్ తెప్పించుకుంటాడు. దాన్ని మోసుకొచ్చే కుర్రాడు చాలాసార్లు మావాడే. 2019 జూలైలో జబల్‌పూర్‌లో ఒకాయన, తిండి తెచ్చేవాడు ముస్లిం అని ఆర్డరే రద్దు చేసుకుని ఆ సంగతి లోకానికి గర్వంగా చెప్పుకున్నాడు. అదే సంవత్సరం అక్టోబరులో మన హైదరాబాదులోనూ అలాంటి ఉదంతమే పేపర్లకెక్కింది. మాంసం తాకినా ఫరవాలేదు, మనిషి తాకకూడదు! అంటరానితనం చచ్చిపోయిందని చెప్పేవాళ్ళు ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చదువుకోవాలి. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ముడి ఎక్కడుందో 1948లోనే పుస్తకం రాసి చెప్పినవాడు అంబేద్కర్. ఆయన విగ్రహానికి దండవేసేవాళ్ళలో ఆ పుస్తకం తెరిచినవాళ్ళెందరు?

మా వాళ్ళని వదిలెయ్యం. మా షరీఫులున్నారు, ఖాందానీలు. ఇంట్లో బడే కా వండించుకుని, అతిథి రాగానే మటన్ అని చెప్తారు. దావత్‌లో మేక కోస్తేనే పరువు. బడే కా తినేవాడు బీదవాడు, ఖురేషీ, దూదేకుల, ఫకీరు అని లోపల ఒక లెక్క ఉంది. 'మేమందరం సమానం, మాలో కులాల్లేవ్' అని వేదికల మీద చెప్పేవాళ్ళే దస్తర్‌ఖాన్ దగ్గర మాంసాన్ని బట్టి మనిషిని తూస్తారు. వాళ్ళ పిల్లలే ఇప్పుడు కొండమీద కూచుని టెండర్‌లాయిన్ తింటున్నారు, బడే కా అన్న మాట వింటే ముక్కు చిట్లిస్తున్నారు. ఇంగ్లీషు పేరు వీళ్ళ సిగ్గుని కూడా కప్పుతోంది. పల్లెల్లో దూదేకుల, నూర్‌బాషా ఇళ్ళల్లో మాదిగవాడతో కలిసి పోగు పంచుకుని తిన్న పెద్దకూర ఉంది. ఆ పొత్తుని ఈ షరీఫులు ఎన్నడూ గుర్తించలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత, వామపక్ష విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే రాళ్ళు పడ్డాయి, బాష్పవాయువు పేలింది, ఒక విద్యార్థికి కత్తిపోటు తగిలింది. ఆ పిల్లలు తమ అమ్మల వంటని విశ్వవిద్యాలయం మధ్యలోకి తెచ్చి, దాని పేరు దాన్ని పెట్టి పిలిచారు. ఆ రోజు మా నాయకుల గొంతు ఎంత వినబడిందో వాళ్ళకే తెలియాలి. 2015 డిసెంబరులో మళ్ళీ చేద్దామంటే కోర్టు ఒప్పుకోలేదు. అదే డిసెంబరులో కొండమీద బర్గర్ అమ్మకం ఒక్క పూట కూడా ఆగలేదు. కోర్టులూ పోలీసులూ పెద్దకూరని పేరు బట్టే గుర్తుపడతాయి కాబోలు.

తినేవాడికి తాను తినేది ఏమిటో తెలుసుకునే హక్కు గురించి కూడా తేల్చుకుందాం. 2001లో అమెరికాలో కొందరు హిందువులు, శాకాహారులు మెక్‌డొనాల్డ్స్ మీద దావా వేశారు. ఆలుగడ్డ వేపుళ్ళలో గొడ్డుమాంసపు రుచి కలిపి ఆ సంగతి దాచారని. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు హిందూ, శాకాహార తదితర సంస్థలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. మంచి పని. మేము ఆ దావా వేసినవాళ్ళ పక్షమే. ఎవరి నోట్లోకి ఏం పోతుందో వాళ్ళకి చెప్పకుండా పెట్టడం దగా. మన దేశంలో కూడా 2001 నుంచి పొట్లాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు వచ్చాయి. అదీ మంచిదే.

మరి మేము 'హలాలేనా?' అని అడిగితే ఏమవుతోంది? నగరంలో ఒక బర్గర్ హోటల్లో మావాళ్ళు ఈ ప్రశ్న అడిగితే, 'ఇక్కడ అలాంటి మతం విషయాలు ఉండవు సార్' అని జవాబొచ్చింది. పక్క బల్ల దగ్గర 'గుడ్డు తగలని పెనం మీద చెయ్యండి' అన్నాయనకి అదే మనిషి తల వంచి సరేనన్నాడు. ఆయన అడిగింది ఆచారం, మేమడిగింది మతోన్మాదం! 2019 ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ ఇండియా తమ దుకాణాలకి హలాల్ ధ్రువపత్రం ఉందని చెప్పినందుకు బహిష్కరించమని గోల చేశారు. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ధ్రువపత్రం ఉన్న సరుకుల తయారీనీ, అమ్మకాన్నీ నిషేధించింది. ఎగుమతి సరుకుని మాత్రం మినహాయించింది. దుబాయిలో కూచుని తినేవాడికి హలాల్ అని రాసి పంపొచ్చు, లక్నోలో ఉన్నవాడికి రాయకూడదు. 2014లో అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం గొడ్డు, బర్రె మాంసం కలిపి ఎగుమతి చేసే దేశాల్లో భారతదేశానిది మొదటి స్థానం. డాలర్లు తెచ్చే పెద్దకూర దేశానికి గౌరవం. అది మా వీధి దాటకూడదు.

'అది బర్రెదే కదా, ఆవుది కాదు కదా, చట్టం ఒప్పుకుంటుంది కదా, మరి మీకేం భయం?' అని ఓదార్చేవాళ్ళున్నారు. చట్టం మాకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఉంది. ఆవునీ, దూడల్నీ కోయకూడదు. ఎద్దు, దున్న, బర్రె పనికీ పాడికీ పనికిరావని పశువైద్యుడు కాగితం ఇస్తే కోయొచ్చు. మేము తినేది ఆ కాగితం ఉన్న మాంసం. అయితే? 2015 సెప్టెంబరు 28 రాత్రి దాద్రి దగ్గర బిసారా ఊళ్ళో మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి చంపారు. చంపిన తర్వాత ఫ్రిజ్‌లో మాంసాన్ని పరీక్షకి పంపారు. మొదట మేకది అన్నారు, 2016లో మధుర ప్రయోగశాల ఆవుజాతిది అంది. ఆ రెండు కాగితాల మధ్య దేశమంతా చర్చలు నడిచాయి. శవం ఎవరిదన్న మాట పక్కకి పోయి మాంసం ఎవరిదన్నదే మిగిలింది. 2017 జూన్‌లో ఈద్ బట్టలు కొనుక్కుని రైలెక్కిన పదహారేళ్ళ జునైద్ దగ్గర అసలు మాంసమే లేదు. టోపీ ఉంది. అది సరిపోయింది. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన గొడ్డు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కారుకి కట్టి కొట్టారు. తోలు తీసే పని మీరే అప్పజెప్పి, తీసినందుకు మీరే కొట్టారు. ఇక్కడ పశువైద్యుడి కాగితం ఎవరికి చూపించాలి? రైల్లో బాకు పట్టుకున్నవాడికా?

అందుకే 'ఇది బర్రెది మాత్రమే' అని మేము చేతులు జోడించి చెప్పడం మానేశాం. చట్టం పాటిస్తాం, సంజాయిషీ ఇవ్వం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రోజులు మా తాతలవి. టిఫిన్ డబ్బా ఆఫీసులో తెరిచే ముందు చుట్టూ చూసుకునే అలవాటు మా అబ్బాలది. మా పిల్లలకి ఆ అలవాటు నేర్పదలుచుకోలేదు. కాలేజీలో వాళ్ళ డబ్బాలో మిగిలిపోయిన బర్గర్ ఉంటుంది, పక్కవాళ్ళు అడిగితే ఏమిటో చెప్తారు. వద్దంటే మూత పెట్టుకుని పక్కకి జరుగుతారు. కావాలంటే సగం విరిచి ఇస్తారు. ఈ మాత్రం మామూలుతనం మాకు కావాలి.

హోటళ్ళవాళ్ళకి ఒక మాట. మెనూలో ఇంగ్లీషు పేరు ఉంచుకోండి, పక్కన తెలుగులో 'దున్న మాంసం' అనో 'పెద్దకూర' అనో రాయండి. హలాల్ అయితే అయిందని, కాకపోతే కాలేదని రాయండి. ఎలాగూ చీజ్ ఊరిపేరు రాస్తున్నారు, మాంసం తెచ్చే ఖురేషీ దుకాణం పేరు కూడా ఓ మూల వెయ్యండి. తిననివాళ్ళకి అప్పుడు మోసం ఉండదు, తినేవాళ్ళకి ముసుగు ఉండదు. గిరాకీ తగ్గుతుందని మీకు భయం. తగ్గితే తగ్గనివ్వండి, ఎంతమంది మాంసాన్ని తింటున్నారో, ఎంతమంది పేరుని తింటున్నారో మీకే లెక్క తేలుతుంది.

మిత్రులకి కూడా చెప్తున్నాం. ఈసారి ఈద్ దాకా ఆగొద్దు. ఏదో ఒక ఆదివారం, ఏ పండగా లేని రోజు రండి. బిర్యానీ ఉండదు. బర్గర్ ఉంటుంది, పుదీనా చట్నీ ఉంటుంది, చేతులు జిడ్డవుతాయి. చిన్నదా పెద్దదా అని గొంతు తగ్గించి అడగక్కర్లేదు, గుమ్మంలోనే చెప్తాం, పెద్దదే. తిననివాళ్ళకి ఆలుగడ్డ కట్లెట్ చేస్తాం. దానికి వేరే పెనం ఉంది.